దూదిపుల్లకు వ్యాఖ్యానం

“తండ్రి ఎవరన్న ప్రశ్నకు ఇకమీదట ఈ కేంద్రమునందు ఉదాత్తమైన భాషలో సమాధానము ఒసగబడును. ప్రజలు ఈ సదవకాశమును వినియోగించుకొన ప్రార్థన.”

ఈ ప్రకటన మా వీధి చివరనున్న పితృత్వ పరీక్షా కేంద్రం గాజుతలుపు మీద, ‘నెట్టుము’ అన్న పలకకు సరిగ్గా కింద, నాలుగు నెలలపాటు వెలిగింది. రచన నాదే. అందులోని ‘ఒసగబడును’ అన్న క్రియ కోసం ఒక పూటంతా ఆలోచించాను. ‘చెబుతాము’ అని రాసి ఉంటే ఈ కథ జరిగేది కాదు. అయితే ‘చెబుతాము’ అని రాయగల మనిషినైతే నన్ను ఆ కొలువులోకి పిలిచేవారే కారు.

నా గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాలుగు అన్నాను గనుక నలభైకి తగ్గవని నన్నెరిగినవారికి తెలుసు. నలభై ఏళ్ళపాటు కావ్యాలూ శాస్త్రాలూ పాఠం చెప్పాను. పొద్దున లేచి దైవాన్ని తలచుకోకుండా గుక్కెడు నీళ్ళు తాగి ఎరుగను. సభల్లో నేను మాట్లాడుతుంటే ముందు వరుస నుంచి వెనక వరుస దాకా తలలు ఊగేవి. నా ఉపన్యాసం అర్థం కాలేదని నలభై ఏళ్ళలో ఒక్క ప్రాణీ అనలేదు. అది నా వివరణలోని స్పష్టతకు నిదర్శనమని వినయంగా అనుకునేవాణ్ణి. ఇంట్లో నా భార్య మాత్రం, “మీరు నోరు తెరిస్తే మంచినీళ్ళడుగుతున్నారో మోక్షమడుగుతున్నారో తెలియడం లేదు, ముందు మంచినీళ్ళిచ్చి చూస్తున్నాను” అనేది. ఆమె అలంకారశాస్త్రం చదువుకోలేదు గనుక ఆ విమర్శను నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ పరీక్షా కేంద్రం తెరిచిన కొత్తలో దానిని ఖండిస్తూ మూడు సభల్లో ప్రసంగించాను. మన పురాణాల్లో కుండలో పుట్టినవాడున్నాడు, నిప్పులో పుట్టినది ఉన్నది, రెల్లుగడ్డిలో పుట్టినవాళ్ళున్నారు; వీరిలో ఎవరినీ చెంపలోపల దూది తిప్పించుకుని రమ్మని ఎవరూ అడగలేదని వాదించాను. తలలు ఊగాయి. నాలుగో సభ ముందురోజు ఆ కేంద్రం నిర్వాహకుడు మా ఇంటికి వచ్చాడు. అతడు నా పూర్వ విద్యార్థి. నా దగ్గర మూడేళ్ళు చదివి, మూడేళ్ళూ తప్పి, ఆ తరవాత జీవశాస్త్రంలోకి వెళ్ళి వృద్ధిలోకి వచ్చాడు.

అతడి కష్టం ఇది. ఫలితాన్ని సూటిగా చెప్పడం వల్ల కేంద్రానికి నష్టం కలుగుతోంది. ‘మీరు తండ్రి కారు’ అన్న నిమిషంలో ఒకాయన కుర్చీ విరగ్గొట్టాడు. ‘మీరే తండ్రి’ అన్న నిమిషంలో ఇంకొకాయన రెండు కుర్చీలు విరగ్గొట్టాడు. కాబట్టి ఫలితపత్రం పైన హుందాగా ఒక లేఖ ఉండాలి. దానిని నేను రాయాలి. “వార్త ఎలాంటిదైనా వచనం మంచిదైతే కుర్చీలు మిగులుతాయి మాస్టారూ” అన్నాడు. నాకు ‘ఫలిత లేఖనాధికారి’ అన్న బిరుదూ, కిటికీ పక్కన బల్లా ఇస్తానన్నాడు. ఆ రాత్రి శాస్త్రాలు తిరగేస్తే ఈ పరీక్షకు అనుకూలంగా మూడు ప్రమాణాలు దొరికాయి. వెతికితే దొరకనిది శాస్త్రంలో లేదు.

పరీక్ష సంగతి తెలియనివారి కోసం కొంత చెప్పడం లేఖనాధికారిగా నా ధర్మం. వచ్చినవారి గుర్తింపు కార్డు చూస్తారు, ఫొటో తీస్తారు, సమ్మతి సంతకం పెట్టిస్తారు. నమూనా ఇచ్చే ముందు అరగంటసేపు తినకూడదు, తాగకూడదు, పొగ పీల్చకూడదు. తరవాత చిన్న పుల్లకు చుట్టిన దూదితో చెంప లోపలి గోడను అర నిమిషంపాటు రుద్దుతారు. నొప్పి లేదు, రక్తం లేదు. అనుమానించి అనుమానించి ఏళ్ళ తరబడి ఇంట్లో కార్చిన రక్తం ముందు ఇది ఎంత సాత్త్వికమైన క్రియో చూడండి. ఆ పుల్లను కవరులో పెట్టి, ఎదురుగానే సీలు వేసి, దాని మీద అంకె రాస్తారు. ఆ క్షణం నుంచి మనిషికి పేరుండదు. మోక్షానికి ఇంత దగ్గరి దారి ఇంకొకటి లేదు.

పదిరోజుల్లో ఫలితం వస్తుంది. తండ్రి అయ్యే పక్షంలో నూటికి తొంభైతొమ్మిదీ ఆ పైన చుక్క పెట్టి మరికొన్ని తొమ్మిదులూ వస్తాయి. నిండా నూరు ఎప్పుడూ రాదు. ఆ మిగిలిన పిసరును పట్టుకుని వేలాడేవారిని కేంద్రంలో రోజూ చూశాను. కాని పక్షంలో సున్నా వస్తుంది. దాన్ని పట్టుకుని వేలాడేవారూ ఉన్నారు.

ప్రజలు పరీక్షకు తెచ్చే వస్తువులు వేరు. ఒకాయన మంగలిషాపు నేల ఊడ్చి సంచిలో తెచ్చాడు. కత్తిరించిన వెంట్రుకకు మొదలుండదు, అది పెద్దగా పనికిరాదు, పైగా ఆ సంచిలో ఊరు ఊరంతా ఉంది. ఒకావిడ భర్త ఫొటో తెచ్చి దాన్ని దూదితో రుద్దమంది. ఒక యువకుడు తనకు బదులు మిత్రుణ్ణి పంపించాడు. గుర్తింపు కార్డు అడిగేసరికి ఆ మిత్రుడు స్నేహధర్మం మీద నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. ఇద్దరు కవలలు కలిసి వచ్చి, తండ్రి తమలో ఎవరో తేల్చమన్నారు. అచ్చుగుద్దినట్టుండే కవలల విషయంలో ఈ పరీక్ష చేతులెత్తేస్తుంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసి ఊపిరి పీల్చుకుని, చేయీ చేయీ పట్టుకుని వెళ్ళారు.

ఇక అసలు మనుషులు వచ్చింది నా కొలువు రెండో నెలలో.

వీధి మలుపులో తాళాలు బాగుచేసే ఆయన, ఆయన అక్క, ఏడేళ్ళ పిల్ల. ఆయన వేళ్ళ కొసలు ఇనుపరజను పట్టి నల్లగా ఉన్నాయి. పిల్ల తల్లి నాలుగేళ్ళ కిందట జబ్బు చేసి పోయింది. పిల్ల బడి నుంచి వచ్చేది, అన్నం తినేది, పడుకునేది పక్కవాటాలో ఉన్న మేనత్త దగ్గరే. ఆ మేనత్తకే అనుమానం. నమూనాల గదిలో అందరూ వినేట్టు కారణం చెప్పింది: “మా ఇంట్లో ఏడుగురం. అందరికీ చెవి తమ్మె చెంపకు అతుక్కునే ఉంటుంది. దీనికి చూడండి, ఎలా వేలాడుతోందో.” అందరం చూశాం. వేలాడుతోంది.

ఒప్పందం కుదుర్చుకునే వచ్చారు. అవునని కాగితం వస్తే అక్క ఈ ఊసు జన్మలో ఎత్తదు. కాదని వస్తే పిల్లను దాని అమ్మమ్మ ఊరికి పంపేయాలి. అమ్మమ్మ మంచం పట్టి ఉందని ఆయన నెమ్మదిగా గుర్తుచేశాడు. “అయితే నేను మంచం పట్టేదాకా చేయాలా?” అంది అక్క. అంటూనే పిల్ల జడ విప్పి గట్టిగా అల్లుతోంది.

నమూనాలు తీసే అమ్మాయి ముక్కుసూటి మనిషి. పిల్ల, నొప్పెడుతుందా అని అడిగితే చక్కిలిగింత పెడుతుందని చెప్పి, పుల్ల తిప్పింది. పరీక్ష ఎలా చేస్తారని తాళాలాయన అడిగాడు. నేను గొంతు సవరించుకునే లోపలే ఆ అమ్మాయి చెప్పేసింది: మనిషి లోపల ఇరవైనాలుగు చోట్ల గుర్తులు చూస్తారు, ప్రతిచోటా పిల్లకు రెండు గుర్తులుంటాయి, ఒకటి తల్లిది, రెండోది తండ్రిది.

“తాళంచెవి పళ్ళన్నమాట” అన్నాడాయన. “ఒక పన్ను తేడా వస్తే?”

“ఒకటి వస్తే పుట్టుకలో జరిగిన మార్పనుకుంటాం. కాదనాలంటే చాలా చోట్ల తేడా రావాలి.”

“మేమూ అంతేనమ్మా. ఒక పన్నయితే అరుగుదల. ఏడెనిమిదయితే అది వేరే తాళం చెవి” అన్నాడు.

ఈ విషయాన్ని వివరించడానికి నేను బీజక్షేత్ర న్యాయం మీద ఒక దీర్ఘసమాసం సిద్ధం చేసి ఉంచుకున్నాను. అది అలాగే మిగిలిపోయింది. ఒక తాళాలవాడు శాస్త్రాన్ని రెండు వాక్యాల్లో ముగించడం నాకు కొంత అమర్యాదగా తోచిన మాట నిజం.

ఫలితాలు నా బల్ల మీదికి అంకెలతోనే వచ్చేవి. ఎవరిదేదో నాకు తెలియదు. పదిరోజుల తరవాత ఒక పత్రం వచ్చింది. ఇరవైనాలుగింట పదకొండు చోట్ల కలవలేదు, ఫలితం సున్నా. దానికి నేను రాసిన లేఖను, పాఠకుల క్షమ కోరుతూ, ఇక్కడ ఉదాహరిస్తున్నాను:

“స్వస్తి. సకల సద్గుణ మణిగణ విభూషితులగు తమ సన్నిధికి. కపోలాంతర సంగృహీత కణజాల పరిశీలనానంతరము, చతుర్వింశతి స్థానములందు చిహ్నానుసంధానము గావింపగా, ఏకాదశ స్థానములయందు తదనువృత్తి కన్పట్టమింజేసి జనకత్వ సంభావన నిరవకాశమై యుండ, కేవల వాత్సల్య బంధమే యాచంద్రార్కము విరాజిల్లుంగాక యని యాశాసించుచున్నారము.”

నమూనాల అమ్మాయి దీన్ని చదివి, “ఇందులో ‘కాదు’ అన్నమాట ఎక్కడుంది మాస్టారూ?” అని అడిగింది. ‘కాదు’ అన్నది మొరటు మాట అనీ, ‘నిరవకాశము’లో అది పువ్వులో పరిమళంలా దాగి ఉందనీ చెప్పాను.

“వాళ్ళు పువ్వు కోసం రారండి” అంది ఆ అమ్మాయి.

ఆమె వయసు చిన్నది. ఫలితాలు మాత్రం నా పక్షానే ఉన్నాయి. మూడు నెలల్లో నేను అరవైరెండు లేఖలు రాస్తే ఒక్క ఫిర్యాదు రాలేదు, ఒక్క కుర్చీ విరగలేదు. నిర్వాహకుడు ముందుగదిలో చిన్న సభ పెట్టి నాకు శాలువా కప్పాడు. “పూర్వం మన కేంద్రం నుంచి ప్రజలు ఏడుస్తూ వెళ్ళేవారు. మాస్టారి చలవ వల్ల ఇప్పుడు ఆలోచిస్తూ వెళ్తున్నారు. ఒక జాతి ఆలోచించడం మొదలుపెట్టిందంటే దాని వెనక ఒక పండితుడున్నాడన్నమాట” అన్నాడు. అక్కడ కూర్చున్న నలుగురూ నమూనా ఇచ్చే ముందు అరగంట గడవాలని ఎదురుచూస్తున్నవారు. వారూ చప్పట్లు కొట్టారు.

ఆ శాలువాను బీరువాలో పెట్టబోతే బీరువా తాళంచెవి కనబడలేదు. మా ఆవిడ తాళంతో సహా నన్ను తాళాల కొట్టుకు పంపింది.

అది కొట్టు అనడం కంటే రెండు గోడల మధ్య మిగిలిన సందు అనడం సబబు. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాలి. గోడ నిండా మేకులకు వేలాడే పళ్ళు కోయని తాళంచెవులు, బల్లకు బిగించిన పట్టకారు, ఆకురాయి. వాటన్నిటి మధ్య, సరిగ్గా కళ్ళ ఎత్తున, అద్దం బిగించిన పటం. లోపల నా లేఖ.

నిజం చెప్పాలి. మొదట నాకు నా శైలి కనబడింది. ‘సద్గుణ మణిగణ’ దగ్గర కంటికి నీటిపొర కమ్మింది. జీవితంలో నా రచనకు పటం కట్టినవారు అంతకుముందు ఎవరూ లేరు. రెండోసారి చదివాకగాని అందులో ఏముందో నాకు అర్థం కాలేదు. రాసినవాణ్ణి నేనే అయినా రెండుసార్లు చదవవలసి వచ్చిందన్న విషయాన్ని విమర్శకులు గమనించాలి.

కొట్టు అరుగు మీద కూర్చునే రిటైర్డ్ గుమాస్తాగారు నన్ను చూసి లేచి నమస్కరించారు. ముప్పై ఏళ్ళు ఏదో కార్యాలయంలో ఉత్తరాలు చదివి దాఖలు చేసిన మనిషి. వీధిలో ఏ కాగితం వచ్చినా ఆయనే చదివిపెట్టాలి. ఆ రోజు కవరు విప్పి లేఖను అందరికీ చదివి వినిపించింది ఆయనే. చదివినంతసేపూ వీధి వీధంతా నిశ్శబ్దంగా నిలబడి తలలూపిందట. తరవాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. ఎవరు ముందు అడిగితే వారికి అర్థం కానట్టవుతుంది గనుక ఎవరూ అడగలేదట. ఈ భాగం ఆయన చెప్పలేదు. ఆయన చెప్పిన తీరులో నాకు తెలిసింది.

“నాకు ఒక్క చదువుతోనే బోధపడిందనుకోండి” అన్నారు గుమాస్తాగారు. “వాత్సల్యం అన్నారు, విరాజిల్లుగాక అన్నారు. కాదనేవాడు విరాజిల్లమంటాడా?”

“వెనక ఇంకో కాగితం ఉండాలే” అన్నాను.

“ఉంది. అంకెల పట్టీ. చివర సున్నా వేశారు. అక్కగారు కాస్త తటపటాయిస్తే నేనే చెప్పాను, సందేహం సున్నా అని.”

అప్పుడు అక్క పిల్లను దగ్గరికి తీసుకుని లోపలికి వెళ్ళిందట. ఆనాటి నుంచి చెవుల ప్రస్తావన లేదట. గుమాస్తాగారు ఇదంతా చెబుతున్నంతసేపూ తాళాలాయన నా బీరువా తాళంలో సన్నటి కడ్డీ పెట్టి, తల వంచుకుని చెవి ఒగ్గి వింటున్నాడు. తాళాన్నో మమ్మల్నో తెలియలేదు.

నేను తాళం అక్కడే వదిలేసి కేంద్రానికి పరుగుతీశాను. పరుగు అన్నది అతిశయోక్తి; నా వయసులో దాన్ని ఉత్ప్రేక్ష అనాలి. నిర్వాహకుడితో సంగతంతా చెప్పి, తక్షణం సవరణ పంపాలన్నాను. అతడు మేజా మీద చేతులు కట్టుకుని ఆలోచించాడు.

“మాస్టారూ, ఫిర్యాదు లేనిచోట తప్పు ఉండదు. ఇది పరిపాలనా సూత్రం. అయినా మీరు పట్టుబడుతున్నారు గనుక లేఖకు అనుబంధంగా ఒక వ్యాఖ్యానం రాయండి. దానికి అవసరమైతే తరవాత టీక రాసుకోవచ్చు.”

అతడికి మూడేళ్ళు పాఠం చెప్పింది నేనే గనుక అతణ్ణి నిందించే హక్కు నాకు లేదు. మిగిలిన అరవైఒక్క లేఖలను చదువుకున్నవారు ఏమనుకుని ఇళ్ళకు వెళ్ళారో అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. ఎందరు కానివారు మిఠాయిలు పంచారో, ఎందరు అయినవారు ఇల్లు వదిలి వెళ్ళారో. ఆ వెంటనే ఇంకొక ఆలోచన వచ్చింది. అది నా సొంతానికి సంబంధించినది కావడం చేత మొదటిదానికంటే ఎక్కువ బాధించింది. నలభై ఏళ్ళుగా నా ముందు ఊగిన తలల గురించి.

నమూనాల అమ్మాయి కొత్త పుల్లలు డబ్బాలో సర్దుతూ, తల ఎత్తకుండా, “మీరే వెళ్ళి చెప్పండి మాస్టారూ. ఈసారి నోటితో” అంది.

మరునాడు పొద్దున అద్దం ముందు నిలబడి సాధన చేశాను. చెప్పవలసింది ‘నువ్వు తండ్రివి కావు’ అన్న మూడు మాటలు. మొదటిసారి నోటివెంట ‘జనకత్వాభావము’ వచ్చింది. రెండోసారి దానికి విశేషణం తోడయింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, “ఎవరికి ఏం చెప్పాలి?” అంది. చెప్పాను. ఆమె ఒక్క ఊపిరిలో ఆ మూడు మాటలూ అనేసింది. “ఆ పిల్లను నేను చూశాను. వాళ్ళ అత్త చెయ్యి పట్టుకుని బడికి వెళ్తుంటుంది” అని లోపలికి వెళ్ళింది.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం. కొట్టులో ఆయనొక్కడే ఉన్నాడు. పిల్ల బడి నుంచి వచ్చి, బల్ల కింద సంచీ పెట్టుకుని, అరుగు చివర కూర్చుని పాత తాళంచెవులను పొడుగుల వారీగా పేరుస్తోంది. నేను స్వరం తగ్గించి, ఆ లేఖ విషయంలో ఒక నివేదన చేయవలసి ఉన్నదని మొదలుపెట్టాను. మూడో సమాసం దగ్గర ఆయన ఆకురాయి కింద పెట్టాడు.

“నాకు తెలుసండి” అన్నాడు.

ఏమి తెలుసునని అడిగాను.

“కాగితం వచ్చిన మర్నాడే వెళ్ళి ఆ అమ్మాయినడిగాను. కార్డు చూసి, కాదు అని చెప్పింది. ఒక్క మాట.”

“మరి ఇది పటం ఎందుకు కట్టించావు నాయనా?”

ఆయన పిల్లవైపు చూశాడు. పిల్ల ఒక తాళంచెవిని వరుసలోంచి తీసి ఇంకోచోట పెడుతోంది.

“మా అక్క చదువుకున్న మనిషండి. అర్థమయ్యే కాగితమైతే చదివేసేది.”

నా రచనకు వచ్చిన సమీక్షల్లో ఇదే అత్యుత్తమమైనదని ఇప్పటికీ నమ్ముతున్నాను. నా లేఖలోని ప్రయోజనాన్ని ఇంత సూక్ష్మంగా గ్రహించినవాడు ఇంకొకడు లేడు. దైవసాక్షిగా నేను నిజం చెప్పడానికి వచ్చాను. చెప్పించుకోవలసినవాడికి అది ముందే తెలుసు. ఇక నేను చేయవలసింది తాళం తీసుకుని ఇంటికి పోవడమే. పోయి ఉంటే బాగుండేది. కాని నా మాటంటే చెవి కోసుకునే గుమాస్తాగారు వీధిలో నన్ను చూసి, నేను వచ్చిన సంగతి కొట్టు వెనక ఇంట్లో చెప్పివచ్చారు.

అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె వెనక గుమాస్తాగారు, ఆయన వెనక బట్టలు కుట్టే దంపతులు, వారి వెనక ఇంకో నలుగురు.

“మీరు దొరకడం మంచిదయింది మాస్టారూ” అంది అక్క. “నెల పైనుంచీ అడగాలనుకుంటున్నాను. ఆ ఉత్తరానికి ఒకసారి అర్థం చెప్పండి.”

నలభై ఏళ్ళలో నన్ను అర్థం అడిగిన మొదటి మనిషి ఆమె. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న కోసమే బతికాననుకున్నాను; వచ్చేసరికి పటం మీది దుమ్ము తుడిచాను. తాళాలాయన చెయ్యి పట్టకారు మీద ఆగిపోయింది. నేను ఏం చెబితే ఆ పిల్ల సాయంత్రం ఏ ఇంట్లో పడుకుంటుందో తేలుతుందని అక్కడ మా ఇద్దరికే తెలుసు. అబద్ధమాడదగిన సందర్భాలు ఏవేవో పెద్దలు లెక్కకట్టి పెట్టారు. ఆ జాబితా నాకు కంఠస్థం. తాళాల కొట్టు అందులో లేదు.

కాలం గడపడానికి లేఖను మొదటి నుంచి రాగయుక్తంగా చదివాను. తలలు ఊగాయి. కుట్టుపని ఆయన కళ్ళు కూడా మూసుకున్నాడు. ‘యాశాసించుచున్నారము’ దగ్గర ఆపి, ఇక చాలుననుకున్నాను.

“చదవడం కాదండీ. అర్థం” అంది అక్క.

నేను నోరు తెరవబోయాను. ఆమె పిల్లను తన ముందుకు లాక్కుని, చెదిరిన జుట్టును చెవి వెనక్కు నెట్టి, ఆ చెవి తమ్మెను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడింది.

“చూసి చెప్పండి. పిల్ల వింటోంది” అంది.

నేను ఆమె మొహంలోకి చూశాను. శాస్త్రాలు చదివినంత కాలం మొహాలు చదవలేదు గనుక అక్కడ ఏముందో నిశ్చయంగా చెప్పలేను. ఆమె అడిగింది లేఖకు అర్థాన్ని కాదేమో అని మాత్రం అనిపించింది.

“ఈ పిల్ల ఈయన కూతురమ్మా” అన్నాను.

సమాసం లేదు, విశేషణం లేదు. ఒక్క తలా ఊగలేదు. అర్థమైనప్పుడు తలలు ఊగవని నాకు ఆ రోజే తెలిసింది.

“అదే కదా నేనూ అనుకున్నది” అంది అక్క. పిల్ల భుజం మీద తట్టి, “నడు, చేతులు కడుక్కో, నల్లగా ఉన్నాయి అచ్చం మీ నాన్న చేతుల్లాగా” అంటూ లోపలికి తీసుకుపోయింది. తాళాలాయన నా బీరువా తాళాన్నీ కొత్త చెవినీ నా చేతిలో పెట్టాడు. మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

మిగిలిన వీధికి మాత్రం ఆశాభంగమైంది. “ఇంతేనా?” అన్నాడు కుట్టుపని ఆయన. అంత పెద్ద ఉత్తరంలో ఉన్నది ఇంత చిన్న మాటా అని వారిలో వారు గొణుక్కున్నారు. మాస్టారికి వయసు మీదపడిందనీ, మునుపటి ధాటి లేదనీ ఎవరో జాలిపడ్డారు. నలభై ఏళ్ళు నిజమే చెప్పి పండితుణ్ణనిపించుకున్నాను. ఒక్కసారి అందరికీ తెలిసేట్టు మాట్లాడేసరికి ఆ మాట నిజమా కాదా అని ఎవరూ అడగలేదు గాని, నా పాండిత్యం మీద అందరికీ అనుమానం వచ్చింది.

గుమాస్తాగారు నన్ను మలుపు దాకా సాగనంపారు. అక్కడ ఆగి, అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగారు.

“నాకూ ఒకటి రాసిపెట్టాలి మాస్టారూ. పరీక్ష వద్దు. ఉత్తరం చాలు.”

ఎవరి విషయమై అని అడిగాను.

“అవన్నీ అక్కర్లేదండి. మా ఇంటి విషయం. కాకపోతే ఆ మొదటి పద్ధతిలోనే ఉండాలి” అన్నారు డెబ్భై ఏళ్ళ ఆ పెద్దమనిషి, తల వంచుకుని. “ఇందాక చెప్పినట్టు మాత్రం చెప్పకండి.”

రాసి ఇచ్చాను. ఆ తరవాతి వారంలో కుట్టుపని ఆయన వచ్చాడు, మేడమీద వకీలుగారు వచ్చారు, బడి ప్రధానోపాధ్యాయుడు వచ్చాడు, చివరికి మా నిర్వాహకుడే ఒకనాడు తలుపు దగ్గరగా వేసి, తనకూ కావాలన్నాడు. దూది అడిగినవారు లేరు. పరీక్షా కేంద్రంలో ఇప్పుడు పుల్లల డబ్బాలు మూతలు తీయకుండానే ఉంటున్నాయి. నమూనాల అమ్మాయి వేరే ఊళ్ళో పని చూసుకుంది. నా భాష మరింత గంభీరమైందని అందరూ అంటున్నారు.

ఇవాళ మా వీధిలో ప్రతి ఒక్కరూ వారివారి తండ్రులకే జన్మించినట్టు అద్దం బిగించిన దాఖలా ఉంది. మీ వీధి సంగతి నాకు తెలియదు. అడగను కూడా. కలమూ కాగితమూ సిద్ధంగా ఉన్నాయి.